పాదములు లేని పక్షి

చదువవలసిన వాక్యభాగములు: యోబు 38:25-27, లూకా 24:36-43, యెషయా 52:7



పరదైసు అను మాట మన బైబిలులో కొద్ది చోట్లనే కనబడును. సిలువమీద ప్రభువు తన ప్రక్కనున్న నేరస్థునికి చేసిన వాగ్దానములో (లూకా 23:43) ఆ మాట విని మనమందరము ఆదరణ పొందినవారమే. లోకములో ఒక పక్షికుటుంబమునకు కూడ ఆ పేరే పెట్టబడినది. ఇంగ్లీషువారు వాటిని పరదైసు పక్షులని పిలుతురు. ఈ నెల ఆ పక్షులనుగూర్చియు, వాటిని చూడకయే వాటినిగూర్చి మనుష్యులు చెప్పుకొనిన ఒక అబద్ధమునుగూర్చియు ధ్యానింతము.

ఆస్ట్రేలియాకు ఉత్తరమున న్యూగినియా అను గొప్ప ద్వీపమున్నది. దాని పడమటి సగము ఇండొనీషియా దేశములోనిది. తూర్పు సగము పాపువా న్యూగినియా అను స్వతంత్ర దేశములోనిది. ద్వీపము నడుమ వెన్నెముకవలె పర్వతపంక్తి సాగుచున్నది. విల్హెల్మ్ అను శిఖరము 4,509 మీటర్ల ఎత్తు. పడమట నున్న జయ శిఖరము 4,884 మీటర్లు. భూమధ్యరేఖకు అంత దగ్గరనుండియు ఆ శిఖరముమీద మంచుగడ్డ యున్నదనిన మనకు వింతగా తోచును. కొండల నడిమి భాగమంతయు దట్టమైన అడవి. దినమునకొకసారియైనను పొగమంచు దిగును. చెట్ల కొమ్మలు నాచుతో కప్పబడి ఎల్లప్పుడు నీరు కారుచుండును. పరదైసు పక్షులలో నలుబదికి పైగా జాతులున్నవి. వాటిలో అధికభాగము ఈ ద్వీపముననే నివసించును. కొన్ని దిగువ అడవులలోను, కొన్ని ఈ మేఘములలో మునిగిన కొండ అడవులలోను ఉండును.

ఈ పక్షుల వార్త పడమటి దేశములకు చేరిన విధము వినదగినది. మాజెల్లాన్ అను నావికుని ఓడలు పడమటి మార్గమున సుగంధద్రవ్యముల దీవులను చేరవలెనని స్పెయిను నుండి బయలుదేరెను. అతడు మార్గములోనే చంపబడెను. 1522లో ఒక్క ఓడ మాత్రము, అందులో 18 మంది మాత్రము, ఆకలితో కృశించి తిరిగి వచ్చిరి. బాచన్ ద్వీపపు సుల్తాను స్పెయిను రాజునకు కానుకగా పంపిన రెండు చచ్చిన పక్షులు ఆ ఓడలోనే వచ్చినవి. మలయా వర్తకులు వాటిని “మానుక్ దేవత” అని పిలిచెడివారు. అనగా దేవుని పక్షి. ఆ రెండవ మాట మన తెలుగువారు ఎరిగిన మాటయే. సంస్కృతము అంత దూరము ప్రయాణము చేసినది.

తరువాత మరి అనేక చర్మములు వర్తకుల ద్వారా వచ్చెను. న్యూగినియా అడవులలోని వేటగాండ్రు పక్షిని పట్టి, చర్మమును ఒలిచి, కాళ్లు కోసివేసి, పొగలో ఎండబెట్టి అమ్మెడివారు. వారు ఎవరిని మోసగింపవలెనని అట్లు చేయలేదు. కొనువారికి కావలసినవి ఈకలు. కాళ్లతో ఎవరికి పని? అయితే ఐరోపాలో ఆ చర్మములను చూచినవారు కాళ్లు లేకపోవుట కనిపెట్టి ఏమనుకొనిరి? ఈ పక్షికి పుట్టుకతోనే కాళ్లు లేవనిరి. కాళ్లు లేవు గనుక అది ఎన్నడును నేలమీద వ్రాలదనిరి. నేలమీద వ్రాలదు గనుక పరదైసులోనే నివసించుననిరి. అది మంచుబిందువులే త్రాగి బ్రదుకుననియు, ఎల్లప్పుడు సూర్యుని తట్టు తిరిగి ఎగురుచుండుననియు, ఆడుపక్షి మగదాని వీపుమీది పల్లములో గ్రుడ్లు పెట్టుననియు, చనిపోయినప్పుడు మాత్రమే భూమిమీద పడుననియు పుస్తకములలో వ్రాసిరి. లిన్‌షోటెన్ అను డచ్చి యాత్రికుడు 1596లో అచ్చువేయించిన గ్రంథములో కూడ ఈ కథయే యున్నది.

చూడుడి, ఒక కత్తి వేటు ఎంత వేదాంతమునకు కారణమాయెనో!

ఇందులో మమ్మును మిక్కిలి ఆలోచింపజేయు సంగతి మరియొకటి యున్నది. ఆ మొదటి ఓడలో తిరిగి వచ్చినవారిలో పిగఫెట్టా అను ఇటలీ దేశస్థుడుండెను. దినచర్య వ్రాసినవాడతడే. ఈ పక్షికి జానెడు పొడవున సన్నని కాళ్లున్నవని అతడు స్పష్టముగా వ్రాసెను. అనగా నిజము చెప్పిన సాక్షి మొదటి ఓడలోనే వచ్చెను. అయినను జనులకు అతని మాట రుచింపలేదు. 1758లో లిన్నేయస్ అను స్వీడను దేశపు పండితుడు జంతువులన్నిటికి లాటిను పేర్లు పెట్టునాటికి, కాళ్లుగల చర్మములు ఐరోపాకు చేరియుండెను. అయినను వీటిలో పెద్ద జాతికి అతడు పెట్టిన పేరునకు “పాదములు లేనిది” అని అర్థము. నేటికిని శాస్త్రగ్రంథములలో దానికి ఆ పేరే నిలిచియున్నది.

ఆ అబద్ధము అంతకాలము ఎందుకు బ్రదికెను? మాకు తోచిన కారణమిది. పరిశుద్ధమైనది నేలను తాకరాదని మన హృదయములో ఒక కోరిక దాగియున్నది. దేవుని పక్షి అనిన తరువాత దానికి పాదములుండుట, ఆ పాదములకు మట్టి అంటుట మనకు ఇష్టముండదు. మన గ్రామ సంఘములలో కూడ ఈ తలంపు లేదా? పొద్దున్నే పేడకల్లు ఎత్తి, నాట్లు వేసి, కాళ్లకు బురదతో ఇంటికి వచ్చిన సహోదరి, “నావంటిదానికి ప్రార్థన నడిపించు యోగ్యత యెక్కడిది?” అని వెనుక చాపమీద కూర్చుండును. తెల్లని బట్టలు కట్టుకొని కన్నులు మూసికొని పాడువారే ఆత్మీయులని మనము లెక్కవేయుదుము. పాస్టరుగారికి ఆకలి వేయునని, వారి పిల్లలకు ఫీజు కట్టవలెనని సంఘమునకు జ్ఞాపకము రాదు. వారికిని కాళ్లు కోసివేసితిమి.

లూకా 24వ అధ్యాయము మరల చదువుడి. మృతులలోనుండి లేచిన ప్రభువు శిష్యుల మధ్య నిలిచినప్పుడు వారు భూతమని తలంచి దిగులుపడిరి. అప్పుడాయన తన మహిమను వర్ణించి చెప్పలేదు. తన చేతులను పాదములను చూపెను. అంతటితో చాలక, తినుటకేమైన ఉన్నదా అని అడిగి, కాల్చిన చేపముక్క తీసికొని వారి యెదుట భుజించెను. పరదైసును వాగ్దానము చేసినవాడు పాదములు గలవాడై లేచెను. ఆ పాదములలో మేకుల గురుతులు కూడ ఉండెను. మొదటి శతాబ్దమునుండియు సంఘము ఎదిరించిన దుర్బోధలలో ఒకటి ఇదియే గదా: క్రీస్తునకు నిజమైన శరీరము లేదనుట. యోహాను తన మొదటి పత్రిక 4వ అధ్యాయములో ఆ బోధను ఎంత కఠినముగా ఖండించెనో తెలిసికొనగోరువారు చదివి చూచుకొనవచ్చును.

ఇక పక్షి యొద్దకు తిరిగి వత్తము. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అను ఇంగ్లీషు ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1857లో న్యూగినియాకు చేరువనున్న ఆరూ దీవులకు వెళ్లి, ఈ పక్షులను వాటి అడవిలోనే కన్నులార చూచెను. అవి చెట్ల కొమ్మలను గోళ్లతో గట్టిగా పట్టుకొని ఆడుట చూచెను. 1862లో అతడు సింగపూరులో రెండు ప్రాణముగల పక్షులను కొని ఇంగ్లండుకు తీసికొనిపోయెను. దారిలో మన బొంబాయిలో ఒక వారము ఆగి వాటికొరకు అరటిపండ్లు కొనుక్కొనెను. అరటిపండ్లతో బాటు వాటికి మిక్కిలి ప్రియమైన ఆహారము ఏమనుకొందురు? బొద్దింకలు! మంచుబిందువులు త్రాగి బ్రదుకునని మున్నూరేండ్లు చెప్పుకొనిన పక్షి కొరకు ఆ పండితుడు ఓడలోను, మాల్టా ద్వీపములో ఒక రొట్టెల బట్టీలోను బొద్దింకలను పట్టి డబ్బాలలో నింపుకొనెను. ఇది చదివినప్పుడు మాకు నవ్వు వచ్చెను. కాల్చిన చేపముక్క కూడ జ్ఞాపకము వచ్చెను.

కొండ అడవులలోని జాతులు తరువాత తరువాత తెలియవచ్చెను. వాటిలో ఒకదానినిగూర్చి కొంచెము విస్తరించి చెప్పుట అవసరము, ఎందుకనగా దాని పేరు ఒక మిషనరీ పేరు. 1874లో లండన్ మిషనరీ సొసైటీవారు రెవరెండ్ విలియం జార్జి లాస్ అను దైవజనుని న్యూగినియా దక్షిణ తీరమునకు పంపిరి. 1805లో మన విశాఖపట్టణమునకు మొదటి మిషనరీలను పంపినది కూడ ఆ సొసైటీయే. లాస్ గారు భార్యతో కూడ పోర్ట్ మోర్స్‌బీ తీరమున కాపురముండి, మోటు భాష నేర్చుకొని, దానికి వ్యాకరణము వ్రాసి, సువార్తలను ఆ భాషలోనికి తెచ్చిరి. 1885లో పండితులు వర్ణించిన ఒక పక్షికి ఆయన గౌరవార్థము ఆయన పేరు పెట్టబడెను. లాస్ పరోటియా అని దాని పేరు.

పరిమాణమునకు అది మన గోరువంకకంటె కొంచెము పెద్దది. మగపక్షి మఖమలు గుడ్డవలె నల్లగా ఉండును. తలమీదనుండి ప్రక్కకు మూడేసి చొప్పున ఆరు సన్నని తీగలు వెనుకకు సాగి, ఒక్కొక్క తీగ చివర చిన్న నల్లని బిళ్ల వ్రేలాడును. రొమ్ముమీద ఒక డాలు వంటి ఈకల పలక యున్నది. పక్షి కదలినప్పుడెల్ల ఆ పలక బంగారువన్నెగాను, మరుక్షణము నీలి ఆకుపచ్చగాను మెరయును. శాస్త్రజ్ఞులు ఆ ఈకలను పరీక్షించి అందులో ఆ రంగులుగల పదార్థమేమియు లేదనిరి. ఈకలోని అతి సూక్ష్మమైన పోగులు వంగిన ఆకారము గలవి. వాటిలో నల్లని పదార్థము పొరలుపొరలుగా అమర్చబడి యున్నది. వెలుగు ఒక ముఖముమీద పడిన పసుపు, మరియొక ముఖముమీద పడిన నీలము పుట్టును. చీకటిలో పెట్టిన అది నల్లని ఈకయే. ఇంకను, ఈ కుటుంబములోని కొన్ని పక్షుల నల్లని ఈకలు తమమీద పడిన వెలుగులో నూటికి 99.95 వంతుల వరకు మ్రింగివేయునని 2018లో ప్రకటింపబడెను. ప్రక్కనున్న రంగు నిప్పువలె కనబడుటకు ఆ నలుపు కారణము.

ఈ పక్షి నాట్యము చేయును. ఎక్కడనుకొనుచున్నారు? నేలమీద! పాదములు లేవని పేరుపడిన కుటుంబములోని ఈ పక్షి, అడవి నేలమీద ఒక చిన్న కళ్లము సిద్ధపరచుకొనును. రాలిన ఆకును, పుల్లను ఒక్కొక్కటిగా ముక్కుతో తీసి అవతల పారవేసి, మన ఆడవారు వాకిలి ఊడ్చినట్లు శుభ్రపరచును. పాము విడిచిన కుబుసపు ముక్కలను తెచ్చి అక్కడ పెట్టుట కూడ కలదు. అప్పుడు ప్రక్కల ఈకలను గొడుగువలె చుట్టు పరచి, ఆ గొడుగు క్రింద చిన్ని పాదములతో ఇటునటు అడుగులు వేయుచు, తల ఊపుచు, ఆరు బిళ్లలను గిరగిర త్రిప్పును. ఆడుపక్షులు పైకొమ్మ మీద వరుసగా కూర్చుండి క్రిందికి చూచుచుండును. ఎడ్విన్ స్కోల్స్, టిమ్ లేమన్ అను ఇద్దరు 2004 నుండి 2011 వరకు ఆ కొండలలో తిరిగి, అప్పటి లెక్కలో నున్న 39 జాతులనన్నిటిని ఫొటోలు తీసిరి.

ఆడుపక్షిని గూర్చి ఎవరును అంతగా వ్రాయరు. అది గోధుమరంగుది, క్రిందిభాగమున చారలు గలది; ఆకుల నడుమ కనబడకుండుటయే దానికి రక్షణ. నాట్యమైన తరువాత మగపక్షి ఏ పనికిని రాదు. గూడు కట్టుట, పొదుగుట, పిల్లలకు పండ్లును పురుగులును తెచ్చి పెట్టుట అంతయు తల్లిదే. ఇంటి భారమంతయు ఒంటరిగా మోయు స్త్రీలు మన సంఘములలో కొదువలేదు. వారికి ఈ పక్షి కథ వివరింపనక్కరలేదు.

ఇప్పుడొక ప్రశ్న. మనుష్యుడెవడును రాని ఆ తడి అడవిలో ఇంత అలంకారము ఎందుకు? వాలెస్ కూడ ఈ ప్రశ్ననే వేసికొనెను. తరతరములుగా ఈ సౌందర్యమును చూచు బుద్ధిగల కన్ను ఒక్కటియు లేక ఇవి పుట్టి గతించుచున్నవే యని అతడు విచారపడి, ప్రాణులన్నియు మనుష్యుని కొరకే చేయబడలేదని గ్రహించెను. అతడు అడవిలో కనుగొనిన దానిని యోబు బూడిదలో కూర్చుండి వినెను. 38వ అధ్యాయములో యెహోవా సుడిగాలిలోనుండి అడుగు ప్రశ్నలలో ఒకటి, నిర్మానుష్యమైన ప్రదేశముమీద వర్షము కురిపించువాడెవడు అనునది. అక్కడ ఎవరి పొలమును లేదు, ఎవరును కృతజ్ఞతార్పణ తేరు. అయినను లేత గడ్డి మొలచుచున్నది. దేవుడు మన చెరువుల లెక్క చూచియే వాన కురిపించునని మనము తలంచుచుందుము. సొలొమోను ఓడలు మూడేండ్లకొకసారి నెమళ్లను తెచ్చెనని 1 రాజులు 10:22లో చదువుదుము. ఆ రాజునకు కూడ తెలియని ఈ పక్షులను దేవుడు తన సంతోషము కొరకు ఆ మేఘములలో ఉంచుకొనెను. అయితే వాలెస్ మాటలో ఒక్కటి దిద్దవలసియున్నది. బుద్ధిగల కన్ను లేదనుట నిజము కాదు. ఆ కొండలవారు ఆ పక్షులను పేరుపేరున ఎరుగుదురు. వాటి ఈకలను తలమీద ధరించి ఉత్సవములలో ఆడుదురు. పడమటివారు చూడనిది ఎవరును చూడలేదనుకొనుట ఆ కాలపు అలవాటు.

వాలెస్ భయపడినదియు జరిగెను. ఐరోపా, అమెరికా దేశములలో 19వ శతాబ్దపు చివరను, 20వ శతాబ్దపు మొదటను ఆడవారి టోపీలమీద పక్షి ఈకలు పెట్టుకొను వేషము వచ్చెను. సంవత్సరమునకు పదులవేల పరదైసు పక్షుల చర్మములు ఓడలకెక్కెను. ఆ టోపీలు ధరించియే స్త్రీలు ఆదివారము ఆరాధనకు వెళ్లిరి. ఒక్కొక్క టోపీమీద నాట్యమాడుచు చంపబడిన ఒక పక్షి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, దారిలో గూడు కనబడిన తల్లిని పిల్లలతో కూడ పట్టుకొనరాదని దేవుడు ఇశ్రాయేలీయుల కాజ్ఞాపించెను. మోషే ధర్మశాస్త్రములో ఒక పిట్ట గూటికి కూడ చోటు దొరికెను. ఇంగ్లండులో ఈ పాపమును మొదట గుర్తించినవారు స్త్రీలే. 1889లో ఎమిలీ విలియమ్సన్ అను ఆమె, ఈకలు ధరింపమని ఒట్టుపెట్టుకొను స్త్రీల సంఘము నొకటి ఆరంభించెను. పురుషులు పార్లమెంటులో ఈకల దిగుమతిని నిషేధించు చట్టము చేయుటకు 32 ఏండ్లు పట్టి 1921 వచ్చెను. అమెరికాలో 1913లోనే నిషేధము వచ్చెను. ఇప్పుడు ఆ పక్షులకు టోపీలవలని భయము లేదు గాని, అడవులు నరకుట వలని భయమున్నది. మన పిల్లలు ఉండేలుతో పిచ్చుకలను కొట్టుట చూచి మందలింపని పెద్దలము, ఇంగ్లండు స్త్రీలను తప్పుపట్టుటకు ముందు లూకా 12:6 చదువుట మంచిది.

ఆ ఈకలు 1522లోనే ఐరోపాకు చేరినవని చెప్పితిమి గదా. అయితే న్యూగినియా నడిమి కొండలలో లక్షలాది జనులు తోటలు వేసికొని, పందులను పెంచుకొని నివసించుచున్నారని బయటి లోకమునకు 1930 తరువాతనే తెలిసినది. అంతవరకు అక్కడ కొండలే గాని మనుష్యులు లేరనుకొనిరి. నాలుగు వందల ఏండ్లు పక్షి ఈకకు వెల కట్టిన లోకము, ఆ ద్వీపపు నడుమ నున్న మనుష్యుని ముఖము చూడలేదు.

వారియొద్దకు సువార్త పాదములమీదనే వెళ్లెను. ఆ కొండలలోనికి బండ్లబాట లేకుండెను. 1934లో లూథరన్ మిషనరీలు తీరప్రాంతమునుండి చింబు, హాగెన్ కొండలకు నడచి వెళ్లిరి. వారితో కూడ తీరప్రాంతపు పాపువా విశ్వాసులు సువార్తికులుగా వెళ్లిరి. వీరి తండ్రులు క్రీస్తును ఎరుగనివారు. వీరు మాత్రము ఇల్లు, తోట, బంధువులను విడిచి, భాష తెలియని జనుల మధ్యకు, తాము ఎన్నడును ఎరుగని చలిలోనికి, భార్యాబిడ్డలతో పోయి గుడిసెలు వేసికొని నివసించిరి. జలగలు పట్టు అడవిలో, జారు బురదలో, కట్టెలతో వేసిన వంతెనలమీద బరువులు మోసికొని నడచిరి. మిషనరీల పేర్లు పుస్తకములలో నున్నవి; ఆ సువార్తికుల పేర్లు అనేకము లేవు. యెషయా 52వ అధ్యాయము 7వ వచనములో, పర్వతములమీద సమాధాన వార్త తెచ్చువానిలో ప్రవక్తకు సుందరముగా కనబడినది ఏ అవయవమో ఈ నెల కుటుంబ ప్రార్థనలో పిల్లలచేత చదివించి అడుగుడి. తరువాత యోహాను 13వ అధ్యాయము తెరచి, చెంబుతో నీళ్లును తువాలును తెచ్చి, ఇంటిలో ఆ దినము ఎక్కువ దూరము నడచినవారెవరో కనుగొనుడి.